ఆ గది ఎక్కడ ఉన్నది?

దీవులలో కొలువు చేసేవారికి పంచాంగంకంటె ఓడల కాలపట్టిక ముఖ్యం. పెళ్ళి ముహూర్తమైనా, పిల్లల పరీక్షలైనా, పెద్దవారి వైద్యమైనా, విశాఖపట్నం ఓడ ఎప్పుడు కదులుతుందో చూసుకొనిగాని నిర్ణయించుకోలేము. మేము ఇక్కడ వ్రాయబోయే విషయం కూడ ఒక ఓడ టికెట్టుతోనే మొదలయినది.

సుమారు రెండేళ్ళ క్రితం, జూన్ మాసంలో, వాన ఎడతెరిపి లేకుండ కురుస్తున్న ఒక రాత్రి, మా సహోద్యోగి ఒకరి భార్య మా క్వార్టర్సుకు వచ్చి తలుపు తట్టినది. తడిసిన కొంగు చాటున రెండు టికెట్లు. "అన్నయ్యగారూ, ఎల్లుండి ఓడకు ఆయనను విశాఖ తీసుకొనిపోతున్నాను. అక్కడ ఆసుపత్రిలో చేరుస్తాను. ఓడలో అది దొరకదు గదా, ఈ మూడు రోజులూ తాగకుండ ఉంటే సగం వ్యాధి ఓడలోనే దిగిపోతుందని అందరూ అంటున్నారు" అన్నది. ఆ మాట మాకు సబబుగానే తోచినది. "మంచి ఆలోచన చేశావు చెల్లెమ్మా" అని ధైర్యం కూడ చెప్పాము. ఆ రాత్రి మేము చెప్పిన ధైర్యం ఎంత ప్రమాదకరమైనదో మరునాటి ఉదయం వైద్యాధికారిగారి గదిలో తెలిసినది.

ఏళ్ళ తరబడి ప్రతిదినం అధికంగా తాగేవారు ఒక్కసారిగా ఆపినపుడు, మొదటి దినంలోనే చేతులు వణకడం, చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి తొలి రెండు దినాలలో మూర్ఛలు వస్తాయి. రెండవ దినం మొదలు నాలుగవ దినంలోపల కొందరికి మతి చలించి, లేనివి కనబడి, జ్వరం, గుండెదడ పెరిగి, ప్రాణం మీదికి వస్తుంది. పోర్ట్ బ్లెయిర్ నుండి విశాఖకు ఓడ ప్రయాణం రమారమి ఏబదియారు గంటలు. అంటే ఆ గండం సరిగ్గా నడిసముద్రంలో ఎదురవుతుందన్న మాట. ఓడలో వైద్యుడున్నా ఆసుపత్రిలో ఉండే సదుపాయాలు ఉండవు. "ముందు ఇక్కడ ఆసుపత్రి, తరువాతనే ఓడ" అన్నారు వైద్యాధికారిగారు. టికెట్లు రద్దయినవి. దీవులలో ఉన్న మన కుటుంబాలవారు ఈ పేరా ఒక్కటి చదివి మిగిలినది వదిలివేసినా మాకు చింత లేదు.

ఆ ఆసుపత్రిలో పది దినాలు గడిచినవి. ఏ వ్యాసంలోనైనా విస్తరించి వ్రాయదగిన భాగం అదే కావచ్చును గాని, మందులు వైద్యులు చూసుకున్నారు, మేము అన్నం క్యారియరు మోశాము, అంతే. అసలు సమస్య ఇంటికి పంపే దినాన వచ్చినది. మానసిక వైద్యులు మమ్మల్ని పిలిచి, "మానిపించడం మా పని. మానిన తరువాత ప్రతి సాయంత్రం ఆయన ఎక్కడ కూర్చుంటాడన్నది నా చేతిలో లేదు. ఇటువంటివారే కలిసి కూర్చునే సమావేశం ఒకటి ఉంటుంది. ఆ గది వెదకండి" అన్నారు. పెందలకడనే చీకటి పడే ఈ దీవులలో సాయంకాలాలు ఎంత పొడుగో ఇక్కడ పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ గది వెదకడం ఇంత కష్టమని మేము అనుకోలేదు. మద్యం దుకాణం ఎక్కడ అని అబర్డీన్ బజారులో ఎవరిని అడిగినా చేయి చూపుతారు. 1988లో ఏర్పడిన అండమాన్ నికోబార్ దీవుల సమగ్రాభివృద్ధి సంస్థ పాలు, పెట్రోలు, మద్యం మూడూ విక్రయిస్తూ వచ్చినది. అది కూడ మనవంటి ప్రభుత్వరంగ సంస్థయే కనుక ఇంతకంటె మేము వ్యాఖ్యానించము. దుకాణానికి బోర్డు ఉన్నది, వేళలు ఉన్నవి, ఊరంతటికీ తెలుసు. తాగుడు మానినవారి గదికి బోర్డు లేదు. ఉండదు కూడ. అజ్ఞాతంగా ఉండడమే వారి నియమం. ఆ సంఘం పేరే ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా పేరు చెప్పుకోని మద్యవ్యసనపరుల సమాజం. తనను తాను దాచుకునే సంస్థను వెదకి పట్టుకోవడమెట్లా?

చిత్రమేమంటే, ఆ సమాజం పుట్టుకే ఇటువంటి వెదకులాటలో ఉన్నది. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్కు షేర్ల వ్యాపారి, అమెరికాలోని ఆక్రన్ పట్టణానికి వ్యాపారపు పనిమీద వెళ్ళి, ఆ పని చెడిపోయి, మేఫ్లవర్ హోటలు ముందుగదిలో ఒంటరిగా నిలబడ్డాడు. ఆయన తాగుడు మాని అప్పటికి ఐదారు మాసాలే. ఒక ప్రక్క బారులో నుండి నవ్వులు వినిపిస్తున్నవి. మరొక ప్రక్క టెలిఫోను, దాని దగ్గర ఊరిలోని చర్చీల జాబితా. తాను నిలబడాలంటే తనవంటి మరొక తాగుబోతుతో మాట్లాడక తప్పదని ఆయనకు తోచినది. జాబితాలోని ఒక మతాచార్యునికి ఫోను చేశాడు. ఆయన కొన్ని పేర్లు ఇచ్చాడు. ఒకరి తరువాత ఒకరికి ఫోను చేయగా చివరకు హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఇల్లాలు దొరికినది. తనకు తెలిసిన శస్త్రవైద్యుడు డాక్టర్ రాబర్ట్ స్మిత్ తాగుడుతో నాశనమైపోతున్నాడనీ, రేపు రమ్మనీ ఆమె చెప్పినది. మే 12, ఆదివారం సాయంత్రం ఆ వైద్యుడు పదిహేను నిమిషాలకంటె ఉండనని షరతు పెట్టి వచ్చి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నాడు. తనకు నీతి చెప్పడానికి కాక, తన సహాయం కోరి వచ్చిన మనిషిని ఆయన అదే మొదటిసారి చూడడం. డాక్టర్ స్మిత్ చివరి గుక్క తాగిన 1935 జూన్ 10వ తేదీనే ఆ సమాజం తన జన్మదినంగా లెక్కించుకుంటుంది.

ఈ వృత్తాంతం మాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే ఊరంతా తిరగకుండ మేమూ మొదటే ఫోను పట్టుకునేవారము. చివరకు అదే చేశాము. భారతదేశంలో ఈ సమాజపు బృందాలు 1957 నుండి ఉన్నవి. ముంబయిలో వారి సాధారణ సేవా కార్యాలయం ఉన్నది. అక్కడికి చేస్తే చెన్నైలోని ఒక స్వచ్ఛంద సేవకుని నంబరు ఇచ్చారు. ఆయన మా మిత్రుని పేరు అడగలేదు, ఉద్యోగం అడగలేదు. "ఆయనకు మానాలని ఉన్నదా?" అని మాత్రం అడిగాడు. చేరడానికి ఉన్న అర్హత అదొక్కటేనట. అరగంటలో పోర్ట్ బ్లెయిర్ నుండియే మరొకరు ఫోను చేసి, "మీరు వెదకవద్దు, నేనే వచ్చి తీసుకొనివెళతాను" అన్నారు. మేము రెండు వారాలుగా ఎన్నోసార్లు నడిచిన వీధిలోనే ఆ గది ఉన్నది. అది ఏ వీధి అన్నది ఇక్కడ వ్రాయము. అరువు గదులు గనుక చోటు, వేళ మారుతుంటాయి. ఫోను చేసి తెలుసుకోవడమే క్షేమం.

ఈ ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారినది. మాటలలో ఇంకా పాత పేరే నడుస్తున్నది గనుక మేము కూడ అదే వ్రాస్తున్నాము.

గది అన్నాము గాని, అక్కడ గొప్ప ఏర్పాటులేమీ లేవు. పిల్లలు కూర్చునే బల్లలు, ఒక కెటిల్ టీ, గోడకు వ్రేలాడదీసిన గుడ్డమీద పన్నెండు వాక్యాలు. పదకొండుమంది ఉన్నారు. రిజిస్టరు లేదు, సంతకం లేదు, రుసుము లేదు. చివర ఒక డబ్బా తిరుగుతుంది, తోచినవారు తోచినంత వేస్తారు. తరువాత ఒకమారు మేము ఉత్సాహపడి, సంక్షేమ నిధినుండి నాలుగు కుర్చీలు కొనిపిస్తామంటే మర్యాదగా వద్దన్నారు. బయటివారి ధనం తీసుకోకపోవడం కూడ వారి సంప్రదాయమట. విరాళం వద్దన్న సంఘాన్ని మేము మా సర్వీసులో అదే మొదటిసారి చూచాము.

మా మిత్రునికి ఇది మతప్రచారమేమోనన్న శంక ఉన్నది. వారి మెట్లలో దైవప్రసక్తి ఉన్నమాట నిజమే. అయితే ఆ దైవం ఎవరన్నది ఎవరికివారు నిర్ణయించుకోవలసినదేనని, నమ్మకం లేనివారు కూడ అక్కడ కూర్చుంటారని చెప్పారు. ఆ సాయంత్రం ఆ గదిలో హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు, ఏదీ చెప్పనివారు కూడ ఉన్నారు. మాటలన్నీ ఈ దీవుల ఉమ్మడి భాష అయిన హిందీలో. మా మిత్రుని వంతు వచ్చినపుడు ఆయన హిందీ గొంతులోనే ఆగిపోయినది. అధ్యక్షత వహించినవారు "మీ భాషలోనే చెప్పండి" అన్నారు. ఆయన తెలుగులో నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఎంతమందికి అర్థమయిందో మాకు తెలియదు. ఎవరూ కదలలేదు.

అయిపోయిన తరువాత జంగ్లీఘాట్‌లో ఉండే ఒక వృద్ధుడు దగ్గరకు వచ్చాడు. వేట మానేసి చాల కాలమయిన మనిషి. "ఏటి బాబూ, మనోళ్ళేనా? ఏ ఊరు?" అన్నాడు. శ్రీకాకుళం జిల్లా అని మా మిత్రుడు చెప్పగానే ముసలాయన ముఖం విప్పారినది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల జనాభాలో నూటికి పదముగ్గురు తెలుగువారు. వారిలో అధికులు ఉత్తరాంధ్ర తీరం నుండి వచ్చినవారే. "పదకొండేళ్ళయింది, నాను ముట్టుకోనేదు. రేపటి సంగతి నాకు తెల్దు. ఇయ్యేళ మాత్రం ముట్టుకోను. నువ్వూ అలాగే అను" అని తన నంబరు ఒక సిగరెట్టు పెట్టె అట్టమీద వ్రాసి ఇచ్చాడు.

ఈ సమావేశాలు రెండు రకాలు. బహిరంగ సమావేశానికి భార్య, మిత్రుడు, ఆసక్తిగల ఎవరైనా రావచ్చును. ఆంతరంగిక సమావేశం వ్యసనపరులకు మాత్రమే. అటువంటి దినాలలో మేము ఎదుటి టీ దుకాణంలో కూర్చునేవారము. గొప్ప చెప్పుకోవడం కాదు గాని, ఆ వర్షాకాలంలో మేము తాగినన్ని టీలు ఇరువదియేడేళ్ళ సర్వీసులో తాగలేదు.

ఆయన భయం మద్యం కాదు, మన కాలనీ. "ఎవరైనా చూస్తే?" అని ప్రతిసారి అడిగేవాడు. మేము నవ్వలేదు గాని, చెల్లెమ్మ నవ్వినది. "మీరు తాగుతారని కాలనీ అంతటికీ తెలుసు. మానుతున్నారన్నదొక్కటే ఎవరికీ తెలియదు" అన్నది. అయినా ఆ భయం ఉత్తదని మేము అనము. తాగి విధులకు రావడం క్రమశిక్షణా నియమాల ప్రకారం దుష్ప్రవర్తన. చికిత్స కోసం తనకు తానుగా ముందుకు వచ్చినవానిని కూడ అదే కంటితో చూస్తారేమోనని ఉద్యోగి వెనుదీస్తాడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ప్రచురించిన ఆచరణ నియమావళి, పనిస్థలాలలో మద్యం సమస్యను ఇతర ఆరోగ్య సమస్యలవలెనే చూడాలనీ, గోప్యత పాటించాలనీ సూచించినది. ఆ పుస్తకం మన గ్రంథాలయాలలో ఉన్నదో లేదో సంబంధిత అధికారులు ఒకసారి చూడగలరు.

2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ పక్షాన ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థవారు వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం, మద్యానికి బానిసలైనవారిలో ముప్పదియెనిమిదిమందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స లేక సహాయం పొందుతున్నారు. సమావేశాలవలన నిజంగా ఉపయోగం ఉన్నదా అని మా వైద్యాధికారిగారిని అడిగితే, 2020లో కాక్రేన్ సంస్థ ఇరువదియేడు అధ్యయనాలను, పదివేలకు పైబడిన రోగుల వివరాలను పరిశీలించి, పూర్తిగా మానివేయడమనే విషయంలో ఈ మార్గం ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని తేల్చినట్లు చెప్పారు. అది మందులకు బదులు కాదని, రెండూ కావలసినవారు ఉంటారని కూడ హెచ్చరించారు.

దుకాణాలన్నీ మూసివేస్తే సరిపోదా అని మా శ్రీమతి అభిప్రాయం. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల పోరాటం, 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు మన తరంవారు కళ్ళారా చూచినవే. ఆ స్త్రీలను తక్కువచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే మా మిత్రుడు తాను తాగుడు నేర్చుకున్నది ఆ నిషేధం ఉన్న రోజులలోనేనని చెప్పినపుడు మేమిద్దరమూ కొంతసేపు మాట్లాడలేకపోయాము.

చెల్లెమ్మ సంగతి కూడ చెప్పాలి. భర్త సమావేశాలకు పోతుంటే ఆమె ఇంట్లో జేబులు వెదకడం, ఊపిరి వాసన చూడడం మానలేకపోయినది. వ్యసనపరుల కుటుంబాలవారి కోసం అల్-అనాన్ అనే వేరే సమాజం ఉన్నదని, దానిని 1951లో విల్సన్ భార్య లోయిస్, మరొక ఇల్లాలు కలిసి నెలకొల్పారని చెన్నై సేవకుడే చెప్పాడు. చెన్నై నుండి దీవులకు సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైన తరువాత ఇక్కడ ఇంటర్నెట్ బాగుపడినది. వారానికొకసారి ఆమె ఫోను ముందు కూర్చొని, ముఖాలు తెలియని ఇల్లాండ్రతో మాట్లాడేది. "జేబులు వెదకడం మానాను అన్నయ్యగారూ, అన్నం ఒంటబడుతున్నది" అన్నది ఒకనాడు.

ఐదవ నెలలో దెబ్బ తగిలినది. మన విభాగంలో ఒకరి పదవీవిరమణ విందు. అందరమూ ఉన్నాము. ఎవరో ఒకరు గ్లాసు అందించి, "పెద్దాయన వెళ్ళిపోతున్నాడు, ఒక్కటేగా" అన్నారు. ఆ మాట అన్నది మేము కాదు. కాని మేము అక్కడే, ప్రక్క కుర్చీలోనే ఉండి, నలుగురిలో ఎందుకులెమ్మని ఊరకున్నాము. మా మిత్రుడు ఆ రాత్రి ఇంటికి పోలేదు. రెండవ దినం మధ్యాహ్నం జంగ్లీఘాట్ ముసలాయన ఫోను చేసి, "నా కాడే ఉన్నాడు బాబూ, కంగారుపడకండి" అన్నాడు. సిగరెట్టు పెట్టె అట్ట మా మిత్రుని జేబులో ఇంకా ఉన్నది. ఆ సాయంత్రమే వైద్యుని చూపించుకొని గదికి వెళ్ళి, తన లెక్క మళ్ళీ ఒకటవ దినంనుండి మొదలయినదని చెప్పాడు. అక్కడ ఎవరూ ఎందుకు తాగావని అడగలేదు. ఆ తరువాత మన విభాగంలో జరిగిన మూడు విందులలో పనసతొనలు, పులిహోర, టీ మాత్రమే ఉన్నవి. సర్క్యులరు ఏదీ వెలువడలేదు, వెలువడితే పాటించి ఉండేవారము కామేమో.

గత మాసంలో ఆయనను ఆరు వారాల పనిమీద లిటిల్ అండమాన్‌లోని హట్ బేకు పంపారు. రాత్రంతా పట్టే ఓడ ప్రయాణం. అక్కడ గది ఏదీ ఆయనకు తెలియదు. చెల్లెమ్మ మళ్ళీ మా తలుపు తట్టినది. ముసలాయనను అడిగితే, సముద్రం మీద తిరిగే నావికులు 1940ల చివరినుండియే ఉత్తరాల మీద సమావేశాలు జరుపుకున్నారని, ఆ అంతర్జాతీయ నావికుల శాఖ ఇప్పటికీ ఉన్నదని చెప్పి, "ఇద్దరుంటే చాలమ్మా, అదే మీటింగు" అన్నాడు. రాత్రి తొమ్మిది గంటలకు తాను ఫోను చేస్తానన్నాడు. చేస్తున్నాడు.

ఈ వ్యాసానికి మా మిత్రుడు అనుమతి ఇచ్చాడు. పేరు, విభాగం వ్రాయవద్దన్నాడు. మన ఉద్యోగులలోగాని, కుటుంబాలలోగాని ఎవరికైనా అవసరమైతే, కేంద్ర ప్రభుత్వపు వ్యసనవిముక్తి ఉచిత నంబరు 14446. మనసు బాగులేనపుడు మాట్లాడడానికి 2022లో మొదలయిన టెలి మానస్ నంబరు 14416. పోర్ట్ బ్లెయిర్‌లో వైద్య కళాశాలకు అనుబంధమైన జి.బి. పంత్ ఆసుపత్రి ఉన్నది. ఏ నంబరూ గుర్తులేకపోతే మా క్వార్టర్సు తలుపు తట్టినా సరే, దారి చెబుతాము.

నిన్న హట్ బే నుండి ఓడమీద చీటీ వచ్చినది. జెట్టీ దగ్గర టీ దుకాణంలో ఒక లారీ డ్రైవరు, చేతులు వణికే మనిషి, మూడు సాయంత్రాలు తన ప్రక్కన వచ్చి కూర్చున్నాడట. నాలుగవ సాయంత్రం అతడే అడిగాడట. "ఇప్పుడు ఇక్కడ ఇద్దరము. ఏడు గంటలకు దుకాణం మూసేస్తారు, టీ దొరకడం లేదు. పెద్ద ఫ్లాస్కు ఒకటి పంపగలరు" అని వ్రాశాడు.

బుధవారం ఓడ ఉన్నది. ఫ్లాస్కు కొని ఉంచాము.